బల్గేరియా మఠాలు – ఆరాధన భాష

బల్గేరియాలోని ప్లిస్కా, ప్రెస్లావ్ నగర శిథిలాలు, రిలా మఠం సంఘ చరిత్ర విద్యార్థి ముందు ఒకే ప్రశ్న ఉంచుతాయి: ప్రజలు దేవుని వాక్యాన్ని ఏ భాషలో వినాలి?

క్రీ.శ. 864 ప్రాంతంలో బోరిస్ రాజు బాప్తిస్మం పొందినప్పుడు ప్లిస్కా రాజధాని. ఆరాధన గ్రీకు భాషలో జరిగేది. 885లో మెథోడియస్ మరణించిన తరువాత మొరావియా నుండి బహిష్కరింపబడిన ఆయన శిష్యులు క్లెమెంట్, నౌమ్ తదితరులను బోరిస్ ఆదరించాడు. నేడు ఉత్తర మాసిడోనియాలో ఉన్న ఓహ్రిద్ ప్రాంతంలో క్లెమెంట్ స్లావు భాషలో బోధకులను సిద్ధపరచాడు. ప్రెస్లావ్‌లో గ్రీకు గ్రంథాల అనువాదం సాగింది.

1393లో అప్పటి రాజధాని తర్నోవో ఒట్టోమన్ల వశమైంది. సంఘం గ్రీకు మతాధికారుల క్రిందికి వెళ్ళింది. అయినను, 10వ శతాబ్దపు సన్యాసి యోహాను పేరుతో వెలసిన రిలా మఠంలో స్లావు వ్రాతప్రతులు నిలిచాయి. 1833లో అగ్నిప్రమాదానికి గురైన ఆ మఠాన్ని ప్రజల కానుకలతో తిరిగి కట్టారు.

అయితే కాలక్రమేణా ప్రజల వాడుక మారింది. ఆరాధనలోని స్లావు భాష మాత్రం పాతదిగానే ఉండిపోయింది. ఒకనాడు సామాన్యుని కొరకు వచ్చిన భాషే అతనికి అందనిదైంది. ఆధునిక బల్గేరియన్ భాషలో సంపూర్ణ బైబిలు 1871లో గాని వెలువడలేదు. అనువాదం ఏ ఒక్క తరంతోనూ ముగిసే పరిచర్య కాదని ఈ చరిత్ర కాపరులకు జ్ఞాపకం చేస్తుంది.