ఇంటి కారు పోయాక రేసు: ఆస్ట్రేలియా టూరింగ్ కార్ల పోటీల కథ

టూరింగ్ కారు అంటే రేసు కోసమే పుట్టిన బండి కాదు. నలుగురు కూర్చుని ఊళ్లు తిరిగే మామూలు కారునే రేసుకు తగ్గట్టు మార్చి పరుగెత్తిస్తే అది టూరింగ్ కారు పోటీ. పిల్లలు మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో స్థిరపడ్డ మన పాఠకులు అక్టోబరులో అక్కడికి వెళ్తే, ఒక ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా టీవీలో సాగే బాథర్స్ట్ రేసు వారి కంట పడే ఉంటుంది. ఆ దేశంలో ఇప్పుడు పెద్ద ఎత్తున కార్ల తయారీ లేదు. ఉన్న కర్మాగారాలు 2017 కల్లా మూతపడ్డాయి. మరి సొంత కారు లేని దేశంలో సొంత కార్ల రేసు ఎలా నడుస్తోంది?

షోరూమ్ నుంచి కొండ మీదికి

ఆస్ట్రేలియన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ 1960లో న్యూ సౌత్ వేల్స్‌లోని ఆరెంజ్ పట్టణం దగ్గర గ్నూ బ్లాస్ ట్రాక్‌పై ఒకే ఒక్క రేసుగా మొదలైంది. జాగ్వార్ నడిపిన డేవిడ్ మెక్‌కే తొలి విజేత. 1969 నుంచి అది పలు రేసుల సిరీస్ అయింది. బాథర్స్ట్ రేసు చరిత్ర వేరు. అదీ 1960లోనే ఫిలిప్ ఐలాండ్‌లో 500 మైళ్ల పోటీగా పుట్టి, 1963లో బాథర్స్ట్‌లోని మౌంట్ పనోరమా కొండకు మారింది. కొండ చుట్టూ వేసిన ఆ దారి రేసు లేని రోజుల్లో జనం తిరిగే మామూలు రోడ్డే. ఒక్కో చుట్టు 6.213 కిలోమీటర్లు, కింది నుంచి పై దాకా ఎత్తు తేడా 174 మీటర్లు. 1973 నుంచి రేసు దూరం 1000 కిలోమీటర్లు, అంటే ఇప్పటి ట్రాక్ లెక్కన 161 చుట్లు.

తొలినాళ్లలో నియమం సూటిగా ఉండేది. ట్రాక్ మీద ఏది పరుగెడితే అదే షోరూమ్‌లో జనానికి అమ్మాలి. అందుకని ఫోర్డ్, హోల్డెన్ సంస్థలు రేసు గెలవడానికే భయంకరమైన వేగం గల కార్లు తయారుచేసి మామూలు కొనుగోలుదారులకు అమ్మాయి. 1971లో అలన్ మొఫాట్ గెలిచిన ఫోర్డ్ ఫాల్కన్ జీటీ-హెచ్‌ఓ ఫేజ్ త్రీ అలాంటిదే. ఇలాంటి బండ్లు కుర్రాళ్ల చేతికొస్తే రోడ్ల మీద ఏమవుతుందని 1972లో పత్రికలు గగ్గోలు పెట్టాయి. ప్రభుత్వాలు కన్నెర్రజేయడంతో కంపెనీలు వెనక్కి తగ్గాయి. షోరూమ్ కారుకూ రేసు కారుకూ ఎడం అప్పుడే మొదలైందని మేము అనుకుంటున్నాం. ఆ తర్వాత అది పెరుగుతూనే వచ్చింది.

రెండు ఇంటిపేర్లు

హోల్డెన్ 1856లో అడిలైడ్‌లో గుర్రపు జీనులు కుట్టే దుకాణంగా మొదలైన సంస్థ. 1931లో అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ చేతికి వెళ్లింది. 1948లో ఆస్ట్రేలియా సొంత కారుగా పేరొందిన తన తొలి మోడల్‌ను తెచ్చింది. ఫోర్డ్ సరేసరి, అమెరికా కంపెనీయే. ఇద్దరి యజమానులూ సముద్రాల అవతలే ఉన్నా, జనం మాత్రం ఇద్దరినీ సొంతం చేసుకున్నారు. ‘మాది హోల్డెన్ ఇల్లు’, ‘మాది ఫోర్డ్ ఇల్లు’ అనే లెక్క తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరులా వచ్చేది. ఒకప్పుడు మన దగ్గర ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల మధ్య ఉన్న పట్టుదల గుర్తున్నవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

హోల్డెన్ వైపు పీటర్ బ్రాక్ బాథర్స్ట్‌ను తొమ్మిదిసార్లు గెలిచాడు. 1979లో రెండో స్థానం కంటే ఆరు చుట్లు ముందున్నాడు. ఫోర్డ్ వైపు డిక్ జాన్సన్ కథ ఇంకా చిత్రం. 1980లో రేసులో ముందుండగా ట్రాక్ మీదికి వచ్చిపడ్డ బండరాయిని తగిలి అతని ఫాల్కన్ నుజ్జయింది. డబ్బున్న జట్టు కాదు, ఉన్నదంతా ఆ కారులోనే పెట్టాడు. టీవీలో చూసిన జనం ఫోన్లు చేసి విరాళాలు ప్రకటించారు. వాళ్లిచ్చినంత ఫోర్డ్ కంపెనీ కూడా కలిపింది. మరుసటి ఏడాది అతను ఛాంపియన్‌షిప్పూ గెలిచాడు, బాథర్స్టూ గెలిచాడు.

1985 నుంచి 1992 వరకు అంతర్జాతీయ గ్రూప్ ఎ నియమాలు నడిచాయి. బీఎండబ్ల్యూ, ఫోర్డ్ సియెరా, చివర్లో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ వంటి టర్బో, విదేశీ కార్లు ఏలాయి. 1992లో వానలో ఆగిపోయిన బాథర్స్ట్ రేసును జిమ్ రిచర్డ్స్, మార్క్ స్కైఫ్ నడిపిన నిస్సాన్‌కు ఇచ్చినప్పుడు వేదిక కింది జనం ఈలలు వేసి గోల చేశారు. మరుసటి ఏడాదే నిర్వాహకులు అయిదు లీటర్ల వీ8 ఇంజన్లున్న ఫాల్కన్, కమొడోర్ల చుట్టూ రాసిన కొత్త నియమాలను అమల్లోకి తెచ్చారు. మెరుగైన కారు గెలవాలా, జనం కోరిన కారు గెలవాలా అన్న ప్రశ్నకు 1993లో వచ్చిన జవాబు రెండోదే. డబ్బు పరంగా చూస్తే అది సరైన నిర్ణయమే. ‘వీ8 సూపర్‌కార్స్’ పేరుతో పోటీలకు ఆదరణ బాగా పెరిగింది.

ఒకే చట్రం, వేర్వేరు చొక్కాలు

2013లో ‘కార్ ఆఫ్ ది ఫ్యూచర్’ అనే పద్ధతి వచ్చింది. చట్రం, గేర్‌బాక్స్ వంటి భాగాలు అందరికీ ఒకటే. ఇంజను, పైబాడీ మాత్రం కంపెనీవి. కోయంబత్తూరు పాఠకులకు ఈ ఆలోచన కొత్త కాదు. అక్కడి లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ‘ఫార్ములా మారుతి’ కార్లను రూపొందించినదీ ఇందుకే: భాగాలు ఒకటైతే ఖర్చు తగ్గుతుంది, డ్రైవరు సత్తా బయటపడుతుంది. ఆస్ట్రేలియాలో ఆశించిన మరో ఫలితం కొత్త కంపెనీలు రావడం. నిస్సాన్, మెర్సిడెస్, వోల్వో కార్లు వచ్చాయి. 2019 ముగిసేసరికి మూడూ వెళ్లిపోయాయి.

ఈలోగా అసలు దెబ్బ తగిలింది. 2016 అక్టోబరు 7న ఫోర్డ్, 2017 అక్టోబరు 20న హోల్డెన్ ఆస్ట్రేలియాలో తయారీ ఆపేశాయి. టయోటా కూడా ఆ అక్టోబరులోనే ఆపింది. చెన్నై దగ్గరి మరైమలై నగర్ ఫోర్డ్ కర్మాగారంలో 2021 తర్వాత ఏం జరిగిందో చూసినవారికి ఆ రోజుల బాధ అర్థమవుతుంది. జర్మనీలో తయారైన ఒపెల్ కారుకే కమొడోర్ పేరు పెట్టి 2018లో రేసుల్లోకి దింపారు. దానికి వీ6 టర్బో ఇంజను పెట్టాలని చూసి, చివరికి వీ8తోనే సరిపెట్టుకున్నారు. 2019లో ఫాల్కన్ స్థానంలో మస్టాంగ్ వచ్చింది. నాలుగు తలుపుల కారుకు కొలిచిన చట్రం మీద రెండు తలుపుల బాడీని సాగదీసి తొడగడంతో ఎవరి చొక్కానో ఎవరికో తొడిగినట్టు కనిపించింది. 2020 ఫిబ్రవరిలో జనరల్ మోటార్స్ హోల్డెన్ పేరునే ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. 2022 డిసెంబరులో అడిలైడ్ 500తో, అంటే ఆ జీనుల దుకాణం ఉన్న ఊళ్లోనే, రేసుల్లో కూడా హోల్డెన్ కథ ముగిసింది.

2023 నుంచి ‘జెన్3’ కార్లు నడుస్తున్నాయి: ఫోర్డ్ మస్టాంగ్, షెవ్రొలె కమారో. ఇవి రోడ్డు కారు కొలతలకు దగ్గరగా ఉంటాయి. ముందు కారు వెనకే అంటిపెట్టుకుని వెళ్లగలిగేలా, గాలి కారును నేలకు నొక్కే బలాన్ని బాగా తగ్గించారు. కానీ ఫోర్డ్ ఇంజను 5.4 లీటర్లు, షెవ్రొలెది 5.7 లీటర్లు, రెండింటి నిర్మాణమూ వేరు. ఎవరికి ఎక్కువ అనుకూలం అన్న గొడవ తొలి ఏడాదంతా సాగి, చివరికి రెండు కార్లనూ అమెరికా తీసుకెళ్లి విండ్ టన్నెల్‌లో పరీక్షించాల్సి వచ్చింది. అన్నీ సమానం చేయాలని కూర్చుంటే పేచీలు అక్కడే పుడతాయి.

ముందు దారి

2026 సీజన్ నుంచి టయోటా, జీఆర్ సుప్రాతో రంగంలోకి దిగేలా 2024లోనే నిర్ణయమైంది. వాకిన్‌షా, బ్రాడ్ జోన్స్ జట్లు సుప్రాలకు మారాయి. ఏళ్ల తరబడి హోల్డెన్‌కు, తర్వాత కమారోకు పెద్ద దిక్కుగా ఉన్న ట్రిపుల్ ఎయిట్ జట్టు అదే సీజన్‌కు ఫోర్డ్ పక్షాన చేరింది. పాత లెక్కల్లో ఇది పార్టీ ఫిరాయింపే. ఇప్పటి అభిమానులు జట్టునూ డ్రైవరునూ చూసి వస్తున్నారు కాబట్టి తట్టుకుంటారని మా అంచనా.

చిక్కల్లా మరోచోట ఉంది. కమారో రోడ్డు కారు 2024 మోడల్‌తో ఆగిపోయింది. సుప్రా రోడ్డు కారులో ఉన్నది బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఇంజను, రేసు కారులో మాత్రం టయోటా వీ8. పైగా ఆ రోడ్డు కారు తయారీ కూడా ముగింపుకొచ్చింది. అంటే మూడింటిలో షోరూమ్‌కు వెళ్లి ధైర్యంగా కొనుక్కోగలిగేది మస్టాంగ్ ఒక్కటే. ఇంధనంలో మాత్రం వీళ్లు ఎప్పుడో మారారు. 2009 నుంచే క్వీన్స్‌లాండ్ చెరకు వ్యర్థాలతో చేసిన ఇథనాల్‌ను 85 శాతం కలిపి వాడారు. హైబ్రిడ్ మాట అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉన్నా, వీ8 చప్పుడు లేకపోతే టికెట్లు తెగవన్న భయం నిర్వాహకులకు పోలేదు. ఈలోగా మూడు కంపెనీల కార్లు ఒకే సీజన్‌లో తలపడటం 2019 తర్వాత ఇదే మొదటిసారి.