కోలారు సీమలో కత్తి: ఆయుధ శాసనముల చరిత్ర

మహర్నవమినాడు మా కోలారు జిల్లాలో ఆయుధపూజ జరుగని యిల్లు అరుదు. ఆ పూజాపీఠముపై ఖడ్గములుండవు. కొడవలి, మచ్చుకత్తి, గొడ్డలి, కత్తిపీట, దర్జీవాని కత్తెర, కమ్మరి సుత్తి యుండును. వీనినన్నిటిని మనవారు ‘ఆయుధము’లనియే పూజింతురు. పనిముట్టునకును పోరుసాధనమునకును ఆ పూజలో భేదము లేదు. ప్రభుత్వ శాసనము మాత్రము ఆ భేదమును నిర్ణయింపక తప్పదు. ఆ గీతను ఎవరు గీసిరో, దాని బరువు ఎవరిపై పడుచున్నదో చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ సీమలో ‘శాసన’మనగా మొదట రాతిపై వ్రాతయే. బి. లూయీ రైసు పరిష్కరించిన ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పదియవ సంపుటము (1905) కోలారు జిల్లా శాసనములకే కేటాయింపబడినది. గంగ, బాణ, నొలంబ రాజుల కాలమునాటి వీరగల్లు లిచ్చట విరివిగా కలవు. పశువుల మందను శత్రువులు తోలుకొనిపోవగా అడ్డగించి మడిసిన వీరుడు, చేత కత్తితోనో విల్లుతోనో, ఆ రాతిపై నిలిచియుండును. ఆయుధము ధరించుట ఆనాడు గ్రామరక్షకుని ధర్మము. పాళెగార్ల కాలమునను ఇదియే పద్ధతి. ఈ జిల్లాలోని బూదికోటలో జన్మించిన హైదరాలి కత్తిబలముతోనే మైసూరు రాజ్యాధికారమును చేపట్టెను.

1857 నాటి తిరుగుబాటు తరువాత ఆంగ్లప్రభుత్వ దృష్టి మారెను. ప్రజల చేతి ఆయుధము రక్షణసాధనముగాక అనుమానాస్పద వస్తువయ్యెను. లిట్టను ప్రభువు కాలమున వెలువడిన 1878 నాటి ఆయుధశాసనము తుపాకులతోపాటు బాకులను, కత్తులను, ఈటెలను, విల్లంబులను గూడ ఆయుధములుగా లెక్కించెను. అనుమతిపత్రము లేక ఆయుధము ధరించి సంచరించుటను నిషేధించెను. ఐరోపీయులకు మాత్రము నియమముల ద్వారా మినహాయింపు లభించెను. స్వదేశీయుల కోపమునకు ఈ పక్షపాతమే ముఖ్యకారణము.

ఆ శాసనము బ్రిటిషు ఇండియాకు ఉద్దేశింపబడినది. మైసూరు 1831 నుండి ఆంగ్ల కమీషనర్ల పాలనలో నుండి, 1881లో మరల ఒడయరు వంశీయుల కప్పగింపబడెను. అటుపిమ్మట పలమనేరు, కుప్పముల వైపు మద్రాసు ప్రభుత్వము, ముళబాగిలు వైపు మహారాజుగారి ప్రభుత్వము. ఇరువైపులను తెలుగే. పెండ్లికో తిరునాళ్ళకో బండి కట్టిన రైతు రెండు ప్రభుత్వముల హద్దు దాటుచుండెను.

బంగారుగనుల విషయము వేరు. 1880లో జాన్ టేలరు సంస్థ రంగప్రవేశము చేసినది మొదలు ఇచ్చటి కాపలావారి కన్ను కత్తిపై గాక రాతిపొడిపై నుండెను. గనినుండి పైకివచ్చు కూలీని బంగారుముక్క కొరకు సోదాచేయుట నిత్యకృత్యము. ముడి బంగారమును అనధికారముగా దగ్గర నుంచుకొనుట నేరమగునట్లు సంస్థానము ప్రత్యేకశాసనములే చేసెను. అదే ఊరిలో, గనుల ఐరోపీయులు, ఆంగ్లో-ఇండియనులు స్వచ్ఛంద సేనాదళముగా నేర్పడి తుపాకులతో కవాతు చేయుచుండిరి! గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినను, బంగారము కాపుదలకై ఏర్పడిన ప్రత్యేక పోలీసుజిల్లా మాత్రము నిలిచియేయున్నది.

ఆయుధధారణ హక్కు స్వాతంత్ర్యోద్యమపు కోర్కెలలో నొకటి. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానమున, నియమములకు లోబడి, దానికి చోటు దొరకెను. కాని 1948 డిసెంబరులో హెచ్.వి. కామతు రాజ్యాంగసభలో దానిని ప్రాథమికహక్కుగా చేర్పదలచినప్పుడు సభ యంగీకరింపలేదు. మన రాజ్యాంగము ‘శాంతియుతముగా, ఆయుధములు లేక’ సమావేశమగు హక్కునే యిచ్చినది. సిక్కుల కృపాణమునకు మాత్రము 25వ అధికరణమున స్పష్టమైన రక్షణ కలదు.

ఆయుధములు కేంద్రజాబితాలోనివి, పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రజాబితాలోనివి. కత్తి కథ యంతయు ఈ రెంటి నడుమ నున్నది. 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చిన 1959 నాటి కేంద్రశాసనము తుపాకికి అంతటను అనుమతిపత్రము కోరును; పదునైన ఆయుధములకు కేంద్రము ప్రకటించిన ప్రాంతములందే కోరును. 1962 నియమములు తొమ్మిదంగుళములకు మించిన పొడవో, రెండంగుళములకు మించిన వెడల్పో గల అలుగును లెక్కలోనికి తీసికొని, గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక ప్రయోజనములకై చేసిన వానిని విడిచిపెట్టినవి. చేతికఱ్ఱ, లాఠీ అసలు ఆయుధములే కావు. శ్రీనివాసపురపు మామిడితోట కాపరికిని, పట్టుపురుగులకు మల్బరి కోయు స్త్రీకిని ఈ మినహాయింపే అండ.

రాష్ట్రశాసనము వేరొక త్రోవ పట్టినది. నేడు కర్ణాటక పోలీసు శాసనముగా పిలువబడు 1963 నాటి శాసనము శాంతిభంగ భయమున్నపుడు ఖడ్గములతోపాటు కత్తులు, కఱ్ఱలు, లాఠీలు సైతము బహిరంగముగా తీసికొనిపోవుటను నిర్ణీతకాలము నిషేధించు అధికారమును అధికారులకిచ్చినది. క్రిమినలు ప్రక్రియాస్మృతిలోని 144వ సెక్షను, 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన నాగరిక సురక్షా సంహితలోని 163వ సెక్షను ఇట్టి యుత్తర్వులకే తోడ్పడును. కేంద్రశాసనము వస్తువు దేనికై చేయబడినదని యడుగును. నిషేధాజ్ఞ ఎప్పుడు, ఎచ్చట పట్టుకొంటివని యడుగును. మొదటి ప్రశ్నకు కత్తియే సమాధానము చెప్పగలదు. రెండవదానికి మనిషి చెప్పుకొనవలెను. చెప్పుకొనుటకు నోరు, చదువు, తీరిక వలెను. ఈ లోపమును మన సంఘములు పట్టించుకొనలేదని నా అభిప్రాయము.

కొన్నేండ్లక్రిందట ఎన్నికల సమయమున, నా తరగతి బాలిక తండ్రి, బజారులో కొబ్బరిబోండములు కొట్టి యమ్మువాడు, తన మచ్చుకత్తిని పోగొట్టుకొనెను. తనిఖీలో ఎవరో తీసికొనిపోయిరి. రెండునాళ్ళు బేరము లేదు. గోడ కంటించిన కన్నడ ప్రకటనను ఆ బాలికయే చదివి తండ్రికి తెలుగున చెప్పినదట. అందులో ‘మారకాయుధ’మను మాట యొకటి ఆమెకు అర్థము కాలేదు.

“మారణాయుధమనియే, తల్లీ” అంటిని.

“మా నాయన కత్తి దసరాకు పూజ చేసేదే కదా సార్?” అని యడిగినది. ఆ సాయంత్రము తండ్రిని వెంటబెట్టుకొని రమ్మంటిని. కత్తి దేనికి వాడుదునో, ఎన్నియేండ్లుగా ఆ మూలనే యమ్ముచున్నాడో వివరించుచు కన్నడమున అర్జీ వ్రాసితిమి. పదములు ఆ బాలికయే దిద్దినది.