గేరు మార్చే చెయ్యి

జహీరాబాద్ నుంచి మన బీదర్‌కు వచ్చే బస్సులో డ్రైవరు వెనక సీట్లో మీరెప్పుడైనా కూర్చున్నారా? ఎక్కుడు రాగానే ఇంజను గొంతు బొంగురుపోతుంది. డ్రైవరు ఎడమ కాలు క్లచ్ మీదికి, ఎడమ చెయ్యి గేరు రాడ్డు మీదికి వాటంతట అవే వెళ్తాయి. చిన్న కుదుపు, ఆపైన బండి తేలికగా ఎక్కేస్తుంది. ఆ కుదుపు వెనక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

ఆ మాట నాకెందుకు గుర్తొచ్చిందో చెబుతాను. మా తరగతిలో ఒక లారీ డ్రైవరు కొడుకున్నాడు. ఒకరోజు లేచి, "సార్, గేరు మార్చే పని లేని బండ్లు వచ్చేస్తున్నాయి కదా, మా నాయన నేర్చుకున్న పని ఇంక దేనికి పనికొస్తుంది?" అని అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇవాళ మీతో కలిసి ఆ జవాబు వెతుకుతాను.

మన బీదర్ హైదరాబాద్ సంస్థానంలో ఉన్న రోజులకు వెళ్దాం. 1932 జూన్‌లో నిజాం రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను ప్రారంభించారు. అప్పుడున్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆ బస్సులు స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ బండ్లు. ఆ కాలపు పెద్ద బండ్లలో గేరు మార్చడమంటే ఒక విద్య. ఒక వేగంతో తిరిగే పళ్ళచక్రాన్ని వేరే వేగంతో తిరిగే పళ్ళచక్రంతో కలపాలి. రెండింటి వేగం కుదరకపోతే పళ్ళు కరకరమని అరుస్తాయి. అందుకే డ్రైవరు ఒకసారి క్లచ్ తొక్కి గేరు తీసి, క్లచ్ వదిలి, ఎక్సలేటర్ కొంచెం నొక్కి, మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు వేసేవాడు. మన డ్రైవర్లు దీన్ని డబుల్ క్లచ్ కొట్టడం అంటారు. లెక్కంతా చెవిలోనే ఉండేది.

ఈ కష్టం తగ్గించడానికి 1928లో అమెరికాలో కాడిలాక్ కంపెనీ సింక్రోమెష్ అనే ఏర్పాటు తెచ్చింది. పళ్ళు కలవకముందే అది వాటి వేగాన్ని సమం చేస్తుంది. చెవి చేసే పనిలో సగం ఇనుము అందుకుంది.

మిగతా సగం గురించి అడాల్ఫ్ కెగ్రెస్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఆలోచించాడు. ఆయన ఒకప్పుడు రష్యా చక్రవర్తి మోటారు బండ్లు చూసుకున్నవాడు. గేరు మార్చేటప్పుడు ఇంజను బలం ఒక్క క్షణం తెగిపోతుంది కదా, ఆ క్షణం కూడా పోకుండా చేయలేమా అని ఆయన ప్రశ్న. దానికి ఆయన జవాబు రెండు క్లచ్‌లు. ఒకటి, మూడు, అయిదు గేర్లు ఒక క్లచ్ కింద. రెండు, నాలుగు మరో క్లచ్ కింద. బండి మూడో గేరులో పరుగెత్తుతుండగానే నాలుగోది లోపల సిద్ధంగా కూర్చుని ఉంటుంది. ఒక క్లచ్ వదులుతుండగానే రెండోది పట్టుకుంటుంది.

మన సరిహద్దు వాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం కాదు. చౌబారా దగ్గర దుకాణంలో నిలబడి చూడండి. దుకాణదారు ఒకరితో కన్నడంలో లెక్క చెబుతూనే పక్కనున్న మనతో తెలుగులోకి వచ్చేస్తాడు, అటు తిరిగి దక్కనీలో పలకరిస్తాడు. మొదటి భాష ముగియకముందే రెండోది నాలుక మీద సిద్ధం. రెండు క్లచ్‌ల పెట్టె చేసేదీ అదే.

యుద్ధం వచ్చింది, 1943లో కెగ్రెస్ చనిపోయాడు, ఆ ఆలోచన మూలనపడింది. 1980లలో పోర్షే కంపెనీ దాన్ని పందెం కార్లలో పెట్టింది. 1986లో ఇటలీలోని మోంజాలో ఆ కారు గెలిచింది. ఈలోగా ఫెరారీ వారు వేరే దారి పట్టారు. 1989లో జాన్ బర్నార్డ్ గీసిన ఫార్ములా వన్ కారులో గేరు రాడ్డే లేదు. స్టీరింగు వెనక రెండు చిన్న రెక్కలు; వేలితో లాగితే గేరు మారుతుంది. ఆ ఏడు బ్రెజిల్‌లో మొదటి పందెమే నైజెల్ మాన్సెల్ దానితో గెలిచాడు. 2003లో వోక్స్‌వాగన్ గోల్ఫ్ ద్వారా రెండు క్లచ్‌లు మామూలు రోడ్డు మీదికి వచ్చాయి. ఆపైన చాలా వేగపు కార్లలో ఈ రెండూ, రెక్కలూ జంట క్లచ్‌లూ, ఒక్కటిగా కలిసిపోయాయి.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 2013లో పోర్షే తన జీటీ3 కారు నుంచి చేతి గేరును తీసేసింది. కారు వేగం పెరిగింది, కొనేవాళ్ళకు మాత్రం వెలితి మిగిలింది. 2016లో అదే కంపెనీ చేతి గేరుతోనే 911 ఆర్ అనే కారును 991 మాత్రమే చేసింది. జనం ఎగబడ్డారు, పాత బజారులో ధర ఆకాశానికెక్కింది. 2017లో జీటీ3లో చేతి గేరు తిరిగి వచ్చింది. రెక్కల కారు నూరు కిలోమీటర్ల వేగం 3.4 సెకన్లలో అందుకుంటే చేతి గేరు కారుకు 3.9 పట్టింది. ఆ అర సెకను పోయినా ఫర్వాలేదు, పని మా చేతిలో ఉండాలి అన్నారు కొన్నవాళ్ళు.

అయితే శ్రోతలారా, కోట్ల రూపాయల కారు నడిపేవాడికి గేరు మార్చడం సరదా. రోజుకు వందల మార్లు క్లచ్ తొక్కే లారీ డ్రైవరుకు అది మోకాలి నొప్పి. సరదా ఒకరిది, నొప్పి ఒకరిది అయినప్పుడు పాత విద్య పోకూడదని మనం ఇంట్లో కూర్చుని చెప్పడం న్యాయం కాదు. ఆ నొప్పి తగ్గించే యంత్రం వస్తే మంచిదే.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఆ కార్లలో మార్చడానికి గేర్లే లేవు. అయినా జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, మిగతావాళ్ళు ఓడారు. గేర్లు పోయినా నేర్పు పోలేదు. ఎక్కడ బ్రేకు వేయాలి, బ్యాటరీలో ఉన్న శక్తిని ఎక్కడ పొదుపు చేయాలి అన్నది మనిషే చూసుకోవాలి.

మా పిల్లవాడికి నేను చెప్పిన జవాబు ఇదే: మీ నాయన నేర్చుకున్నది రాడ్డు కదపడం ఒక్కటే కాదురా. బండి గొంతు వినడం, బరువు ఎంతో తెలుసుకోవడం, దిగుడు రాకముందే వేగం తగ్గించుకోవడం. రాడ్డు పోవచ్చు, ఆ తెలివికి ఎప్పుడూ పని ఉంటుంది. వాడు కాసేపు ఆలోచించి, "అయితే ఈ మాట నాయనకు చెబుతాను సార్" అన్నాడు.

ఈసారి బస్సెక్కినప్పుడు డ్రైవరు ఎడమ చెయ్యిని ఒకసారి గమనించండి. దిగేటప్పుడు ఆయనకొక మంచి మాట చెప్పండి.