అరకు పాసింజరులో మా సైకిళ్లు

కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం గురించి ఎవరు రాసినా సొరంగాల లెక్కతోనే మొదలుపెడతారు. 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు అని మనవలకు కూడా కంఠస్థమే. ఆ లెక్కలు గొప్పవే, కాదనను. అయితే ఏజెన్సీలో పనిచేసిన మనబోటి చిన్న ఉద్యోగులకు ఆ మార్గంలో గుర్తుండేది మరొకటి ఉంది. అది పాసింజరు బండిలోని గార్డు గారి బ్రేకు వ్యాను. మా సైకిళ్లు అందులోనే కొండెక్కాయి. ఆ ముచ్చట నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా కనబడలేదు గనుక, నాకు తెలిసినంత వరకు ఈ ప్రత్యేక సంచిక పాఠకులకు మనవి చేస్తున్నాను.

అసలు ఆ రైలు మనుషుల కోసం వేసినది కాదు. బస్తరులోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు దించి, జపాను ఉక్కు కర్మాగారాలకు పంపడం దాని ప్రయోజనం. 1960లో జపానుతో ఒప్పందం కుదిరింది. దండకారణ్య – బొలంగీర్ – కిరిబురు ప్రాజెక్టు, పొట్టిగా డి.బి.కె. అనే పేరుతో పని సాగి, ఆ దశాబ్దం చివరికి ఖనిజం బండ్లు తిరగసాగాయి. బండి శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండ పట్టుకుంటుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస మీదుగా శిమిలిగుడ చేరేసరికి సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తుకు వస్తుంది. అక్కడి నుంచి కాస్త దిగితే అరకు. 1980–82 మధ్య కరెంటు తీగలు వచ్చాయి. లైను ఒక్కటే కావడంతో, ఎదురుగా ఖనిజం బండి వస్తున్నదంటే మన పాసింజరు ఏదో ఒక స్టేషనులో పక్కకు తప్పుకొని నిలబడవలసిందే. ఆ ఖనిజం బండ్ల సందున నడిచిన ఒక్క బండే మాకు ఆధారం.

నేను 1979 నుంచి 1986 వరకు అరకు ప్రాంతంలో మలేరియా పనిలో ఉన్నాను. జాతీయ మలేరియా నిర్మూలన కార్యక్రమం 1958లో మొదలైంది. దేశంలో 1961 నాటికి కేసులు 50 వేలకు దిగి, జబ్బు పోయినట్టే అనుకున్నారు. 1976 నాటికి అవి 64 లక్షలకు ఎగబాకాయి. 1977లో పథకాన్ని సవరించి మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెట్టారు. ఇంటింటికీ పదిహేను రోజులకొకసారి వెళ్లాలి. జ్వరం ఉన్నవారి వేలు కుట్టి, గాజు పలక మీద రక్తపు పూత తీయాలి. క్లోరోక్విన్ బిళ్లలు ఎదురుగా మింగించాలి. రాసుకోవడానికి రెండు వాక్యాలే, తిరగడానికి పదిహేను రోజులూ చాలవు. అక్కడ గ్రామమంటే ఒక గుట్ట కింద నాలుగు ఇళ్లు, వాగు అవతల ఆరు ఇళ్లు.

అందుకే సైకిల్. మా పోస్టుమాన్లకు, పంచాయతీ సమితి పంతుళ్లకు, పశువైద్యశాల సిబ్బందికి అందరికీ అదే వాహనం. సర్కారువారు సైకిల్ అడ్వాన్సు ఇచ్చి, జీతంలో నెలకింత అని పట్టుకొనేవారు. కొన్నది మైదానంలో, తొక్కవలసింది కొండ మీద. లోయలో చదునైన దారులు, మట్టిబాటలు ఉన్నాయి కాబట్టి పైకి చేరితే సైకిల్ బాగానే నడిచేది. చేర్చడమే సమస్య. అనంతగిరి ఘాటు మీద ఎంత దేహదారుఢ్యం ఉన్నవాడైనా దిగి తోసుకోవలసిందే. బస్సు పైకెక్కించి తాడు కడితే, మలుపు మలుపుకీ హ్యాండిలు వంకర తిరిగేది. ఇక మిగిలింది రైలు.

రైలులో సైకిల్‌ను ఉచిత లగేజీలో కలపరు. ఇప్పటికీ అదే నిబంధన. తెల్లవారుజామునే అప్పటి వాల్తేరు స్టేషనుకు పోయి, ప్రయాణ టిక్కెట్టు చూపి, పార్సిలు ఆఫీసులో లగేజీ టిక్కెట్టు రాయించుకోవాలి. మనతో పాటు అదే బండిలో వస్తే లగేజీ, విడిగా పంపితే పార్సిలు. పేరు, ఎక్కిన స్టేషను, దిగే స్టేషను రాసిన అట్టముక్కను చట్రానికి గట్టిగా కట్టాలి. గాలి పంపును, గంటను విప్పి సంచిలో వేసుకొనేవాళ్లం. పెడళ్లకు గోనెపట్టా చుట్టేవాళ్లం.

చిన్న స్టేషనుల్లో ప్లాట్‌ఫారం దాదాపు నేల మట్టంగానే ఉండేది. బండి ఆగేది ఒకటి రెండు నిమిషాలు. మన పెట్టె ముందు ఎక్కడో, బ్రేకు వ్యాను వెనక ఎక్కడో. దిగీ దిగగానే పరుగెత్తి, “గార్డు గారూ, సైకిలండీ!” అని కేక వేస్తే, ఆయన తలుపు తీసి, “రసీదు చూపించవయ్యా ముందు” అనేవారు. చూపితే ఆయనే ఒక చెయ్యి వేసి దించేవారు. పచ్చజెండా ఊపవలసిన చేతితోనే మా ముందు చక్రం పట్టుకున్న గార్డులు ఎందరో. వారి పేర్లు నాకు తెలియవు. వారికి నా నమస్కారాలు.

ఒక కార్యాలయం నుంచి నా టి.ఎ. బిల్లు తిరిగి వచ్చింది. “సైకిలు తొక్కుటకు గాని రైలు ఎక్కించుటకు కాదు. లగేజీ చార్జీ ఎందుకు కోరితిరి?” అని ఎర్రసిరాతో రాసి ఉంది. నేను బదులుగా శృంగవరపుకోట నుంచి శిమిలిగుడ వరకు ఎత్తు ఎంతో రాసి, ఆ చార్జీ సబబో కాదో తేల్చమని విన్నవించుకున్నాను. ఎనిమిది నెలలకు మంజూరైంది. వచ్చిన సొమ్ము మాట అలా ఉంచితే, ఆ కాగితాన్ని మా వాళ్లు చాలాకాలం చెప్పుకొని నవ్వారు.

నవ్వుకోలేని సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఒక వానాకాలం ఫ్రీవీలు అరిగిపోయి, సైకిల్‌ను రైలులో దించి శృంగవరపుకోట షాపులో ఇచ్చి, నేను పైకి వచ్చేశాను. మరునాడే వాన పట్టుకుంది. ఘాటులో కొండరాళ్లు విరిగి పట్టాల మీద పడ్డాయి, బండ్లు ఆగాయి. రోడ్డు మీద చెట్లు కూలి బస్సులూ లేవు. సైకిల్ కింద, నేను పైన. ఒక రోజులో ముగించే ఊళ్లకు నడిచి మూడు రోజులు పట్టింది. చివరి ఊరు చేరేసరికి నాలుగైదేళ్ల పిల్లకు జ్వరం ముదిరి, తెలివి తప్పింది. తండ్రీ, మేనమామా డోలీ కట్టి మోశారు. నేనూ ఒక చివర పట్టాను. ఆ పిల్ల దక్కలేదు. సైకిల్ ఉండి ఉంటే దక్కేదని చెప్పలేను. బిళ్లలు రెండు రోజుల ముందు చేరేవని మాత్రం చెప్పగలను. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. తరువాత పదిహేను రోజులకు వెళితే, “బాబూ, బండి వచ్చిందా?” అని అడిగింది. ఆమె అడిగినది సైకిల్ గురించే.

ఒక సైకిల్ విలువ ఎంతని ఎవరైనా అడిగితే నేను రోజుల్లోనే చెబుతాను. ఒకటికి మూడు. బొంబాయి డబ్బావాలాలు రైలునూ సైకిల్‌నూ జోడించి లక్షల మందికి అన్నం అందించారని లోకమంతా మెచ్చుకుంటుంది. రైలు దూరాన్ని మింగుతుంది, సైకిల్ గుమ్మం దాకా వెళుతుంది అన్నదే అక్కడి కిటుకు. మన కొండల్లోనూ జరిగింది అదే. కాకపోతే ఇక్కడ రైలు ఎత్తును కూడా మింగింది, గుమ్మానికి చేరినది మందుబిళ్ల, ఉత్తరం, పలకా బలపం.

కొన్నాళ్లకు గిరిజన యువకులూ సైకిళ్లు కొని అదే బ్రేకు వ్యానులో తెచ్చుకోసాగారు. చింతపండు బస్తా క్యారియరు మీద కట్టి సంతకు తోసుకుపోయేవారు. తలమోత కొంత తగ్గింది. ఖనిజం కోసం వేసిన రైలు, వేసినవారి లెక్కల్లో లేని ఈ పని చేసిపెట్టింది.

ఇప్పుడు ఊళ్లకు మోటారు సైకిళ్లు వచ్చాయి. 2017లో అరకు బండికి అద్దాల బోగీ తగిలించారు. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. సంతోషమే. మన పిల్లలు, మనవలు ఆ అద్దాల బోగీలో కూర్చొని సొరంగాలు లెక్కపెట్టేటప్పుడు, అదే బండిలో గార్డు ఉండే పెట్టెను కూడా ఒకసారి చూపించండి. అలాగే, ఏజెన్సీలో పనిచేసిన మిత్రులెవరి ట్రంకుపెట్టెలోనైనా పాత లగేజీ టిక్కెట్టు గాని, సైకిల్ అడ్వాన్సు ఉత్తర్వు గాని ఉంటే పారవేయక సంఘం కార్యాలయానికి పంపమని ప్రార్థన. ఖనిజం లెక్కలు భద్రంగానే ఉన్నాయి. మన లెక్క మనమే రాసుకోవాలి.