వైద్య సంఘ కార్యదర్శి: రికార్డుల నిర్వహణ, చరిత్ర రచన

ఉపోద్ఘాతం

ఒక సంస్థ చరిత్ర అనగానే దాని వ్యవస్థాపకులు, అధ్యక్షులు గుర్తుకువస్తారు. సమావేశంలో ఏం జరిగిందో రాసి, వచ్చిన ఉత్తరాలకు జవాబిచ్చి, కాగితాలను భద్రపరచే కార్యదర్శిని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. కాని రెండు వందల ఏళ్ల తరువాత చరిత్రకారుని చేతికి అందేది ఎక్కువగా ఆ కార్యదర్శి దాచిన కాగితాలే. 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌కు చెందిన ఒక వైద్య సంఘాన్ని ఉదాహరణగా తీసుకొని, రికార్డుల నిర్వహణ ఒక సంస్థకు బలాన్ని ఎలా ఇస్తుందో, ఆ రికార్డులను మనం ఎలా చదవాలో ఈ భాగంలో తెలుసుకుంటారు.

సంఘం ఆవిర్భావం

1774లో దక్షిణ ఫ్రాన్స్‌లో పశువులకు ముసర వ్యాధి సోకింది. దున్నే ఎద్దులు చనిపోతే సాగు ఆగిపోతుంది, పన్నుల వసూలు తగ్గుతుంది. అందువల్ల ఆర్థిక వ్యవహారాలు చూస్తున్న మంత్రి తుర్గో, ఫెలిక్స్ విక్ దజీర్ (1748-1794) అనే యువ శరీర నిర్మాణ శాస్త్రవేత్తను అక్కడికి పంపాడు. వ్యాధి సోకిన పశువులను చంపి పాతిపెట్టించడం, రాకపోకలను కట్టడి చేయడం వంటి కఠిన చర్యలు అమలయ్యాయి. రోగం ఎక్కడ మొదలైందో, ఎటు పాకుతున్నదో రాజధానికి సకాలంలో తెలియకపోతే ఏ చర్యా ఫలించదని ఈ అనుభవం స్పష్టం చేసింది.

1776లో మనుషుల, పశువుల అంటురోగాలపై రాష్ట్రాల వైద్యులతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపడానికి రాజు ఒక కమిషన్‌ను ఏర్పాటు చేశాడు. 1778లో అది రాజ శాసనంతో 'సొసైటీ రాయల్ ద మెడిసిన్' (రాచ వైద్య సంఘం)గా స్థిరపడింది. విక్ దజీర్ దాని శాశ్వత కార్యదర్శి అయ్యాడు.

కార్యదర్శి విధులు

కార్యదర్శి పనిని మీరు నాలుగు అంశాలుగా గుర్తుంచుకోవచ్చు.

మొదటిది, ఉత్తరాల నిర్వహణ. రాష్ట్రాల్లోని వైద్యులు తమ ప్రాంతపు జబ్బుల గురించి పంపిన నివేదికలు పారిస్‌లో ఒకే చోటికి చేరేవి.

రెండవది, సమాచారానికి ఒక పద్ధతి కల్పించడం. గాలి, నీరు, రుతువులు రోగాలకు కారణమవుతాయన్న హిప్పోక్రటీస్ భావన ఆనాటి వైద్యుల్లో బలంగా ఉండేది. అందువల్ల సంఘం ఉష్ణోగ్రత, వాయుపీడనం, గాలి దిశ వంటి పరిశీలనలను క్రమంగా నమోదు చేయమని వైద్యులను కోరింది. ఈ వాతావరణ వివరాల క్రోడీకరణలో లూయి కోట్ అనే మతాచార్యుడు తోడ్పడ్డాడు.

మూడవది, సమావేశాల నమోదు. వచ్చిన పత్రాన్ని చదివి, పరిశీలనకు సభ్యులను నియమించి, వారి నివేదికపై నిర్ణయం తీసుకొనేవారు. రహస్య ఔషధాలను, ఖనిజ జలాలను పరీక్షించే అధికారం కూడా సంఘానికి ఉండేది. కాబట్టి రికార్డులోని ఒక వాక్యం ఒక మందు అమ్మకాన్నే నిర్ణయించగలిగేది.

నాలుగవది, ప్రచురణ. ఎంపికచేసిన పత్రాలు సంఘ సంపుటాల్లో అచ్చయ్యేవి. మరణించిన సభ్యులపై విక్ దజీర్ రాసిన ప్రశంసా ప్రసంగాలు ఎంతో పేరు పొందాయి. 1788లో బఫన్ మరణంతో ఖాళీ అయిన ఫ్రెంచి అకాడమీ స్థానం ఆయనకు దక్కింది.

వివాదం, రద్దు

పారిస్ వైద్య ఫాకల్టీ ఈ సంఘాన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. వైద్య విషయాల్లో తనకు తరతరాలుగా ఉన్న హక్కులు పోతాయని దాని భయం. ఫాకల్టీకి పట్టాలిచ్చే అధికారం ఉండగా, సంఘానికి దేశం నలుమూలల నుంచి వచ్చే సమాచారం ఉంది. ఆ సమాచారానికి తాళంచెవి కార్యదర్శి దగ్గర ఉంది. విప్లవ కాలంలో, 1793లో జాతీయ కన్వెన్షన్ అకాడమీలను రద్దు చేయడంతో సంఘం కూడా ముగిసింది. మరుసటి ఏడాది విక్ దజీర్ మరణించాడు. అయితే కాగితాలు మిగిలాయి. అవి నేడు పారిస్‌లోని జాతీయ వైద్య అకాడమీలో ఉన్నాయి.

ఆధారాల విలువ, పరిమితులు

ఇమ్మాన్యుయేల్ లె ర్వా లాదురీ, ఆయన సహచరులు ఈ కాగితాల ఆధారంగా 18వ శతాబ్దాంతపు వైద్యులు, వాతావరణం, అంటురోగాలపై 1972లో ఒక గ్రంథం వెలువరించారు. రోగాలకు వాతావరణమే మూలమన్న నాటి సిద్ధాంతం నిలవలేదు. కాని దానికోసం సేకరించిన అంకెలు వాతావరణ చరిత్రకు అమూల్యమయ్యాయి. అంటే, ఒక రికార్డును దాచినవారి ఉద్దేశం, దాని తరువాతి ఉపయోగం ఒకటే కానవసరం లేదు.

అయినా ఈ కాగితాలను యథాతథంగా నమ్మరాదు. వైద్యుడు లేని పల్లె నుంచి ఉత్తరం రాదు. ఉత్తరం రాలేదు కాబట్టి అక్కడ రోగం లేదనుకోకూడదు. రైతు బాధ మనకు వైద్యుని మాటల్లోనే వినిపిస్తుంది. 'కుళ్ళు జ్వరం', 'పైత్య జ్వరం' వంటి పేర్లు నేటి రోగాలతో సరిగ్గా సరిపోవు. అచ్చయిన సంపుటం కార్యదర్శి వర్గం ఎంపికే గనుక, దానిని చేతిరాత ప్రతులతో పోల్చి చూడాలి.

సారాంశం

కార్యదర్శి కేవలం రాతగాడు కాదు. ఏది అడగాలి, ఏది నమోదు చేయాలి, ఏది ప్రచురించాలి అన్న నిర్ణయాల్లో అతని పాత్ర కీలకం. ఏ సంస్థ రికార్డు చదివినా ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఎవరి మాట ఇందులో లేదు అనే మూడు ప్రశ్నలు వేసుకోండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. రాచ వైద్య సంఘం స్థాపనకు దారితీసిన పరిస్థితులు ఏవి?
2. శాశ్వత కార్యదర్శి విధులను వివరించండి.
3. ఉత్తరం రాని పల్లెను చరిత్రకారుడు ఎలా అర్థం చేసుకోవాలి?