ఒకే రోడ్డు, నాలుగు రేసులు

2017 జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం. అంతకుముందు రాత్రంతా ఆఫీసు రిలీజు పనితో మేలుకునే ఉన్నాను. పక్క స్క్రీన్ మీద ఫ్రాన్సు నుంచి ల మాన్ 24 గంటల రేసు నడుస్తోంది. అప్పుడే లేచిన మా రూమ్మేట్ టీ గ్లాసు పట్టుకుని వచ్చి, నా కుర్చీ వెనకాల నిలబడి, "ఎవడు గెలుస్తున్నాడ్రా?" అన్నాడు.

"జాకీ చాన్" అన్నాను.

నిద్రలేక నాకు మతి తప్పిందనుకున్నాడు. కానీ నేను చెప్పింది నిజమే. చిన్నప్పుడు తెలుగు డబ్బింగులో మనం చూసిన ఆ జాకీ చానే సహ యజమానిగా ఉన్న టీము కారు, ఆ నిమిషాన మొత్తం రేసులో అందరికంటే ముందుంది. అది ముందుండాల్సిన కారు కాదు. రెండో తరగతి కారు.

ఆ ఏడు 60 కార్లు బయల్దేరాయి. నాలుగు తరగతులు. అన్నిటికంటే పైన ఎల్ఎంపీ-1: పోర్షే, టయోటా లాంటి పెద్ద కంపెనీలు కోట్లు గుమ్మరించి కట్టిన హైబ్రిడ్లే దాదాపు అన్నీ, మొత్తం ఆరంటే ఆరే. దాని కింద ఎల్ఎంపీ-2: ఖర్చుకి పరిమితి ఉన్న, అందరికీ ఒకే ఇంజను ఉన్న, సొంత ఫ్యాక్టరీ లేని టీములు నడుపుకునే కార్లు, ఇరవై అయిదు. ఆ కింద మనం రోడ్డు మీద చూసే ఫెరారీ, కోర్వెట్‌లాంటి వాటికి రేసు బట్టలు తొడిగిన జీటీలు. వాటిలో మళ్ళీ రెండు రకాలు, ప్రొఫెషనల్ డ్రైవర్లవి, అమెచ్యూర్లవి. రాత్రి గడిచి తెల్లారేసరికి పై తరగతిలో ఒక్కొక్కటే పడిపోయాయి. ఒక టయోటాకి క్లచ్ పోయింది. ఇంకోటి ఎల్ఎంపీ-2 కారుతో తగిలి టైరు పగిలి ఆగిపోయింది. చివరికి ఎన్నో ల్యాపుల ఆధిక్యంలో ఉన్న పోర్షేకి ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. దాంతో హో-పిన్ టుంగ్, ఆలివర్ జార్విస్, తొమా లొరాఁ నడుపుతున్న 38వ నంబరు కారు ముందుకొచ్చేసింది.

ఇదంతా చెప్పేసరికి మా వాడి టీ చల్లారిపోయింది. అంతా విని ఒకే ప్రశ్న వేశాడు. "ఇంతకీ ఇది ఒక రేసా, నాలుగు రేసులా?"

అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే నూరేళ్ళ చరిత్ర తగిలింది.

*

1923 మే 26న ల మాన్‌లో మొదటి 24 గంటల రేసు మొదలైంది. దాని వెనక ముగ్గురున్నారు. స్థానిక ఆటోమొబైల్ క్లబ్బు కార్యదర్శి జార్జ్ ద్యురాఁ, పత్రికా రచయిత చార్ల్స్ ఫరూ, చక్రాలు తయారుచేసే రడ్జ్-విట్‌వర్త్ కంపెనీకి ఫ్రాన్సులో ప్రతినిధి ఎమిల్ కొకీ. వాళ్ళకి కావాల్సింది వేగం ఒక్కటే కాదు. జనం కొనుక్కునే టూరింగ్ కారు రాత్రంతా లైట్లు వేసుకుని, వానలో, మట్టిరోడ్డు మీద ఆగకుండా నడుస్తుందా లేదా అన్నది పరీక్ష. ఇప్పటి మా ఆఫీసు భాషలో అదొక లోడ్ టెస్టు.

33 కార్లు బయల్దేరితే 30 కార్లు పూర్తి చేశాయి. అందరికంటే ఎక్కువ దూరం వెళ్ళింది లగాష్, లియోనార్ నడిపిన షెనార్-వాకర్. ఇప్పుడు ఏ జాబితా తీసినా మొదటి విజేతలుగా వాళ్ళ పేర్లే ఉంటాయి. కానీ ఆ రోజున అధికారికంగా "విజేత" అనేవాడు లేడు. ఇంజను పరిమాణాన్ని బట్టి ప్రతి కారుకీ ఇంత దూరమని ఒక లక్ష్యం పెట్టారు. పెద్ద ఇంజనుకి ఎక్కువ, చిన్నదానికి తక్కువ. ఆ లక్ష్యం దాటినవాళ్ళకి మరుసటి ఏడు పోటీకి అర్హత. మూడేళ్ళ మీద లెక్కతీసి కప్పు ఇస్తారు.

అంటే ఎవడి సామర్థ్యానికి వాడు ఎంత న్యాయం చేశాడన్నదే మొదట్లో ల మాన్ అడిగిన ప్రశ్న. "ఎవడు ముందు?" అన్నది జనం అడిగిన ప్రశ్న. జనానిదే పైచేయి అయింది. కొన్నేళ్ళకే ఎక్కువ దూరం వెళ్ళినవాడే విజేత అయ్యాడు. కానీ మొదటి ప్రశ్న చచ్చిపోలేదు. ఇంజను పరిమాణాన్ని బట్టి తరగతులుగా, రకరకాల 'ఇండెక్స్' బహుమతులుగా పక్కన బతుకుతూనే ఉంది.

1932లో ఒదెత్ సికో అనే ఆవిడ సహ డ్రైవరుతో కలిసి ఆల్ఫా రోమియో 6సీ 1750 నడిపి మొత్తం మీద నాలుగో స్థానంలో వచ్చింది. రెండు లీటర్ల తరగతిలో మొదటి స్థానం. ల మాన్‌లో ఒక మహిళ అంతకంటే పైస్థానంలో రావడం ఇప్పటిదాకా జరగలేదు. తరగతులు లేకపోతే ఆమెది "నాలుగో స్థానం" మాత్రమే. తరగతి ఉండబట్టి ఆమె గెలిచిన మనిషి.

అయితే లెక్క ఎక్కడుంటే దానితో ఆట కూడా అక్కడే ఉంటుంది. ఇండెక్సు సూత్రాలు చిన్న ఇంజన్లకి అనుకూలంగా ఉండేవి. చిన్న ఇంజన్లలో ఫ్రెంచి వాళ్ళు దిట్టలు. పెద్ద రేసు జాగ్వారో ఫెరారీయో పట్టుకుపోయినా ఇండెక్సు బహుమతి పానార్ ఇంజనున్న చిట్టి కార్లతో ఇంట్లోనే ఉండేది. 1957లో లోటస్ వచ్చి 750 సీసీ కారుతో దాన్ని ఎగరేసుకుపోయింది. 1962లో కోలిన్ చాప్‌మన్ లోటస్ 23తో మళ్ళీ వచ్చాడు. తనిఖీలో ఆపేశారు. ముందు చక్రాలకి నాలుగు బోల్టులు, వెనక చక్రాలకి ఆరు. ఒకే స్టెప్నీ రెండింటికీ పట్టదు కదా అన్నారు. లోటస్ వాళ్ళు ఇంగ్లండు నుంచి నాలుగు బోల్టుల వెనక హబ్బులు విమానంలో తెప్పించి బిగించారు. "ఆరు బోల్టులు కావాలని మీరే డిజైన్ చేశారు, ఇప్పుడు నాలుగైతే ప్రమాదం" అని మళ్ళీ తిప్పికొట్టారు. ఇక జన్మలో ల మాన్‌కి రానన్నాడు చాప్‌మన్. అన్నట్టే మళ్ళీ రాలేదు. కోడ్ రివ్యూలో ఇలాంటి కామెంట్లు తిన్నవాళ్ళకి ఆయన బాధ ప్రత్యేకం చెప్పక్కర్లేదు.

*

ఇప్పుడు అసలు చిక్కు. నాలుగు రేసులైతే నాలుగు రోజుల్లో పెట్టుకోవచ్చుగా? అన్నిటినీ ఒకే రోడ్డు మీదకి ఎందుకు తోలడం?

చిన్న లెక్క వేద్దాం. ఇప్పటి సర్క్యూట్ పొడవు 13.6 కిలోమీటర్ల పైచిలుకు. పై తరగతి కారు ఒక ల్యాపు సుమారు మూడున్నర నిమిషాల్లో తిరుగుతుందనుకుందాం. జీటీ కారుకి నాలుగు నిమిషాలు. అంటే ప్రతి 28 నిమిషాలకీ ఒకసారి ఆ వేగమైన కారు అదే జీటీ కారుని దాటాలి. 24 గంటల్లో యాభైసార్లకు పైగా. అలాంటి జీటీలు ఇరవై ఉంటే వెయ్యి దాటింపులు. ఇప్పుడదే జీటీ డ్రైవరు సీట్లోంచి చూడండి. వేగమైన కార్లు ఇరవై ఉంటే, రోజంతా, రాత్రంతా, దాదాపు నిమిషంన్నరకోసారి వెనక అద్దంలో ఎవడిదో హెడ్‌లైటు. వాడికి తన రేసు తనకుంది, తన తరగతిలో తను ఎవడినో తరుముతున్నాడు. అయినా సగం బుర్ర అద్దంలోనే పెట్టాలి.

హైదరాబాదులో బండి నడిపేవాళ్ళకి ఇది కొత్తగా ఉండదు. ఒకే రోడ్డు మీద ఆర్టీసీ బస్సు, షేర్ ఆటో, పిల్లల్ని స్కూల్లో దింపే స్కూటీ, ఎవడి తొందర వాడిది. తేడా ఏంటంటే అక్కడ ఒకటి గంటకి 300 కిలోమీటర్ల పైన వస్తుంది. దాటేవాడు వేగంగా వచ్చేవాడు, కనక దాటే భారం కూడా ప్రధానంగా వాడిదే. నెమ్మదిగా పోయేవాడు తన గీత మీద తను పోవాలి. చోటిద్దామని హఠాత్తుగా పక్కకి జరిగితే అదే ప్రమాదం.

ఆ తేడా ఎంత ఖరీదైనదో 1955 జూన్ 11 సాయంత్రం తెలిసింది. రేసు మొదలై రెండున్నర గంటలు. జాగ్వార్‌లో మైక్ హాథార్న్, తనకంటే నెమ్మదిగా పోతున్న లాన్స్ మాక్లిన్ ఆస్టిన్-హీలీని దాటి, వెంటనే పిట్‌లోకి వెళ్ళడానికి బ్రేకు వేశాడు. జాగ్వార్‌కి అప్పటికి కొత్తయిన డిస్క్ బ్రేకులు, చటుక్కున ఆగుతుంది. మాక్లిన్ తప్పించుకోబోయి ఎడమకి జరిగాడు. వెనక గంటకి 200 కిలోమీటర్లకి పైగా వేగంతో పియేర్ లెవె మెర్సిడెస్ వస్తోంది. అది హీలీ వెనక భాగం మీదకెక్కి గాల్లోకి లేచి ప్రేక్షకుల గట్టుకి కొట్టుకుంది. విరిగిన ముక్కలు జనంలోకి దూసుకుపోయాయి. లెవెతోపాటు ఎనభై మందికి పైగా చనిపోయారు. మోటార్ రేసింగు చరిత్రలో అంత పెద్ద ప్రమాదం మరోటి లేదు. రేసు మాత్రం ఆపలేదు. ఆ రాత్రే మెర్సిడెస్ తన మిగతా కార్లని వెనక్కి పిలిచేసింది. గెలిచింది హాథార్న్, ఐవర్ బ్యూబ్.

తప్పెవరిదన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంటుంది. అధికారిక విచారణ మాత్రం ఏ ఒక్క డ్రైవరునీ దోషిగా తేల్చలేదు. వేగాలు పెరిగినా, 1920ల కాలపు రోడ్డు రోడ్డులాగే ఉండిపోయిందంది. ఇరుకు రోడ్డు, పిట్‌కీ ట్రాక్‌కీ మధ్య అడ్డుగోడ లేదు, జనం పక్కనే ఉన్నారు. మరుసటి ఏడాదికి పిట్ కట్టడాలు కూలగొట్టి వెనక్కి జరిపి కట్టారు, రోడ్డు వెడల్పు చేశారు. చిన్న కార్లని మాత్రం ఇంటికి పంపలేదు.

నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. అంత ఘోరం జరిగాక నెమ్మదిగా పోయేవాళ్ళని తీసేయడం చాలా తేలిక. అప్పటికే వాళ్ళ మీద చూపుడువేళ్ళు ఉన్నాయి. అయినా మార్చాల్సింది రోడ్డునన్నారు.

అదే ప్రశ్న 2011లో మళ్ళీ వచ్చింది. మొదటి గంటలోనే అలన్ మెక్‌నిష్ ఆడి, ఒక ఫెరారీ జీటీని దాటబోయి తగిలి, గుద్దుకుని తునాతునకలైంది. రాత్రి మైక్ రాకెన్‌ఫెల్లర్ ఆడి, అమెచ్యూర్ నడుపుతున్న ఇంకో ఫెరారీతో తగిలి అంతకంటే ఘోరంగా పడింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ అమెచ్యూర్ని మిగతా రేసు నుంచి తప్పించారు. ఆడికి మిగిలింది ఒకే కారు. అది పోజోని 14 సెకన్లలోపు తేడాతో ఓడించి గెలిచింది. డబ్బున్న అమెచ్యూర్లకి అక్కడేం పనని అప్పుడు చాలామంది అన్నారు. ఫైనల్ ఇయర్ హాస్టల్లో కూర్చుని నేనూ అన్నాను.

ఇప్పుడనను. ఒక కారణం స్వార్థం. పగలు ఉద్యోగం చేసి రాత్రి పుస్తకాల మీద రాసుకునేవాడిని. "ప్రొఫెషనల్స్ మధ్య వీడికేం పని?" అన్న మాట నాకూ తగులుతుంది. రెండోది, చరిత్రే ఆ మాటని ఒప్పుకోదు.

1995 చూడండి. అది ప్రొటోటైపుల రోడ్డే, కానీ గంటల తరబడి వాన. గెలిచింది కింది తరగతి జీటీ-1 కారు, మెక్‌లారెన్ ఎఫ్1 జీటీఆర్. దాని మూలం గోర్డన్ మర్రీ రోడ్డు కోసం డిజైన్ చేసిన కారు, రేసుల కోసం కాదు. లెహ్తో, డాల్మాస్, సెకియా నడిపారు. ల మాన్ గెలిచిన మొదటి జపాన్ డ్రైవరు సెకియాయే. ఒక్క ల్యాపు వెనకాల, మారియో ఆండ్రెట్టి కూడా ఉన్న కూరాజ్ ప్రొటోటైపు రెండోదయింది. ఆ ప్రొటోటైపు తన తరగతిలో మొదటిది. ఆండ్రెట్టికి ఎప్పటికీ అందకుండా పోయిన పెద్ద రేసు ఇది. కాగితం మీద చూస్తే ఆయనకి ఆ రోజు తరగతి విజయం ఉంది. అది ఊరటో కాదో ఆయనకే తెలియాలి.

ఇప్పుడు నిబంధనలే అమెచ్యూర్‌కి చోటు కేటాయిస్తున్నాయి. డ్రైవర్లని ప్లాటినం, బంగారం, వెండి, కాంస్యం అని నాలుగు శ్రేణులు చేశారు. 2024 నుంచి ఉన్న ఎల్ఎంజీటీ-3 తరగతిలో ప్రతి కారులోనూ ఒక కాంస్యం డ్రైవరు ఉండి తీరాలి. మిగతా ఇద్దరూ ఎంత వేగంగా తోలినా, ఆ మూడో మనిషి రాత్రి ఎలా నడిపాడన్న దాని మీదే కారు బతుకు. టీములో జూనియర్‌తో కలిసి రిలీజు చేసినవాళ్ళకి ఈ ఏర్పాటు తెలుసు. జూనియర్‌ని పక్కన కూర్చోబెట్టి పని అయిందనిపించడం తేలిక. వాడి చేతికే కీబోర్డు ఇచ్చి గెలవడం వేరు.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు చూశాను. అన్నీ ఒకే తరగతి కార్లు. జాన్-ఎరిక్ వెర్న్ ముందొచ్చాడు, గెలిచాడు. పక్కనున్న పిల్లాడు "ఎవరు గెలిచారు?" అంటే ఒక్క మాటలో చెప్పేశాను. బాగానే ఉంది. ఇంటికొచ్చే దారిలో ఏదో తక్కువైనట్టనిపించింది.

ఆ 2017 ఆదివారం మాట పూర్తిచెయ్యాలి. మొదట్లోనే పాడై, పిట్‌లో గంటకి పైగా ఆగి, యాభై దాటిన స్థానానికి పడిపోయిన ఇంకో పోర్షే ఉంది. అది ఒక్కో కారునీ దాటుకుంటూ వచ్చి, రేసు ఇంకో గంట ఉందనగా 38వ నంబరుని పట్టేసి దాటేసింది. ఇద్దరి మధ్యా పోరాటమేమీ జరగలేదు. పోర్షేతో పెనుగులాడి కారు పాడుచేసుకుంటే తన తరగతి రేసు పోతుందని ఆ డ్రైవరుకి తెలుసు. చివరికి ఒక ల్యాపు తేడాతో మొత్తం మీద రెండోది, తన తరగతిలో మొదటిది అయింది.

మా వాడు నీరుకారిపోయాడు. "అయితే జాకీ చాన్ ఓడిపోయాడా?"

"లేదురా, గెలిచాడు."

వాడు స్క్రీన్ వంక చూశాడు. పోడియం మీద మూడు మెట్లున్నాయి. వాళ్ళు ముగ్గురూ రెండో మెట్టు మీద నిలబడి, మొదటి మెట్టు వాళ్ళకంటే ఎక్కువ గంతులేస్తున్నారు.