ఫీడ్ రీడర్లు: నిలిచిపోయిన నమూనా

1999లో నెట్‌స్కేప్ సంస్థలో రామనాథన్ గుహ, డాన్ లిబ్బీ రూపొందించిన ఆర్‌ఎస్‌ఎస్, పాఠకుడు తాను ఎంచుకున్న సైట్లలోని కొత్త రచనలను ఒకేచోట చదువుకొనే వీలు కల్పించింది. 2005లో వచ్చిన గూగుల్ రీడర్ ఉచితం కావడంతో పోటీదారులు నిలదొక్కుకోవడం కష్టమైంది. 2013 జూలై 1న అది మూతపడింది. దాని పాఠకులు పాత అలవాటునే కోరుకోగా, ఫీడ్లీ, ది ఓల్డ్ రీడర్ వంటివి పాత నమూనానే కొనసాగించాయి: ఒక పక్క చందాల పట్టిక, దాని వెంట చదవని అంశాల సంఖ్య. ఈ-మెయిల్‌ను తలపించే ఈ లెక్క చదువును బాకీగా మార్చింది. ఏది ముఖ్యమో, ఏది పునరుక్తమో తేల్చుకొనే భారం చాలావరకు పాఠకుడిపైనే మిగిలింది.

అయితే స్థిరత్వమంతా లోపం కాదు. ప్రమాణాలు మారకపోవడం వల్లనే చందాల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా మరో రీడర్‌కు తరలించడం నేటికీ సాధ్యమవుతున్నది. కనుక నవ్యత కొరవడింది ప్రమాణంలో కాదు, చదివించే పద్ధతిలో.